బొగ్గు కన్నా నల్లని గ్రహం

“సాయంత్రంలోగా అబ్జర్వేటరీలో డిటెక్టర్ మాయమవుతుంది,” అన్నాడు చీఫ్. “దూర గ్రహాలు తిప్పికొట్టే పిసరంత వెలుగునూ పట్టే చిప్ అది. విదేశీ ముఠా చేతికి చిక్కితే మన నిఘా ఉపగ్రహం ఒక్కటీ దాక్కోలేదు.”

“దొంగ ఎవడు సార్?”

“అతిథి సైంటిస్టులు ఇద్దరిలో ఒకడు. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ నెమలికి కూడా వాడి మొహం తెలీదు.”

ఏజెంట్ డేగ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టాడు. చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడిలో మత్తు సూది.

లోపలి దృశ్యం చూడగానే ఒళ్లు మండింది. ముత్యాల రంగు కోటులో నెమలి, అందగాడైన కుర్ర సైంటిస్టు భుజం మీదుగా స్క్రీన్ చూస్తూ పకపకా నవ్వుతోంది. తనతో నాలుగు మిషన్లు చేసింది. ఒక్కసారీ ఇలా నవ్విన పాపాన పోలేదు!

“గ్రహం పక్కనున్నప్పుడు నక్షత్రంతో కలిపి వెలుగు కొలుస్తాం,” అంటున్నాడు అందగాడు. “అది నక్షత్రం వెనక్కి వెళ్లగానే మళ్లీ కొలుస్తాం. ఎంత తగ్గితే అంత, గ్రహం తిప్పికొట్టిన వెలుగు.”

నెమలి ఏసీ దగ్గరికొచ్చింది.

“వీడే,” గొణిగాడు డేగ.

“ఆధారం?”

“ఆ జుట్టు చూడు. సైంటిస్టు జుట్టేనా అది?”

“కుళ్లుబోతా! పేల్చకు. ఒక్క ప్రశ్న అడగనీ.” నెమలి వెనక్కి తిరిగింది. “ఈ గ్రహం నక్షత్రానికి అతుక్కునే తిరుగుతోందిగా. బాగా మెరుస్తుందా?”

డేగ సూది అందగాడి మెడకు గురిపెట్టే ఉంది.

మూల కుర్చీలోని రెండో అతిథి, ముసలి ప్రొఫెసర్, నవ్వాడు. “అడగాలామ్మా? మంట పక్కనే ఉంది. అద్దంలా తళతళలాడుతుంది! నా సర్వీసంతా ఇలాంటివే కొలిచాను.”

అందగాడు తెల్లబోయాడు. “అదేంటి సార్? ఆ వేడికి వెలుగును తిప్పికొట్టే మబ్బులు నిలవవు. పడిన వెలుగంతా మింగేస్తుంది. ఇది బొగ్గు కన్నా నలుపు! మొదటి ఏడాది విద్యార్థులకూ తెలుసే!”

ముసలాయన నవ్వు ఆగిపోయింది. ఒక చేత్తో డిటెక్టర్ పెట్టె లాక్కుని, రెండో చేత్తో నెమలి మీద పిస్టల్ ఎక్కుపెట్టాడు. వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది.

డేగ మణికట్టు గిర్రున తిరిగింది. టప్! సూది ముసలాయన మెడలో దిగింది. పిస్టల్ గుండు సీలింగ్‌లోకి పోయింది. జారిన పెట్టెను డేగ నేలకు జానెడు ఎత్తులో అందుకున్నాడు.

ఫోన్‌లో చీఫ్ గొంతు: “శభాష్! ఎలా కనిపెట్టావ్?”

“సైన్స్ సార్,” అన్నాడు డేగ పళ్లు నూరుతూ. అవతల అందగాడు నెమలికి కుర్చీ వేసి, ఇంకో గ్రహం చూపిస్తున్నాడు.