కారు వెనక కెమెరా

పొద్దున్నే కొత్త కారు నీడలో పీట వేసుకుని ఎండు మిరపకాయల తొడిమలు తీయడం జయకుమారికి అలవాటైంది. అంత డబ్బు పోసి కొన్న కారు ఆవిడకు నీడకే పనికొచ్చింది. కానీ ఈ మధ్య ఆవిడ మనసు తొడిమల మీద లేదు. కొడుకు ఆదాం, కోడలు హెలెన్ ఏదో దాస్తున్నారు. వంటింట్లో ఎప్పుడు చూసినా గుసగుసలే. ఏమిటని అడిగితే "పాలవాడి గురించే అత్తయ్యా" అంటుంది హెలెన్. పాలవాడి గురించి గుసగుసలెందుకు? నమ్మడానికి తనేమన్నా చిన్నపిల్లా!

ఆ రోజు ఆదాం చిలకలూరిపేట వెళ్ళి కారు వెనక ఏదో బిగించుకొచ్చాడు. ముంగిట్లో ఆపి, రివర్స్ గేరు వేసి హెలెన్‌కు చూపిస్తున్నాడు. జయకుమారి వచ్చి కారు కిటికీలోంచి తొంగి చూసింది. స్టీరింగు పక్కన తెర మీద తన పీట, తన చేట, కాయల కుప్ప!

ఆవిడ పక్కింటి అల్లాబక్షు భార్యకు అప్పుడప్పుడూ దోసెడు కాయలు ఇస్తోంది మరి. అదన్నమాట సంగతి.

"నా మీద నిఘా పెట్టార్రా?" అని వెళ్ళి చేట తీసి విసిరికొట్టింది. "గుప్పెడు కాయల కోసం తల్లికి కాపలానా? సింగరాయకొండలో మా చెల్లి దగ్గరికి పోతాను. ఈ ఇంట్లో ఇక నా మొహం చూడరు."

"నిఘా ఏంటమ్మా?" ఆదాం కంగారుగా దిగాడు.

"మీ ఆవిడే పెట్టమందా?"

"నేనే అత్తయ్యా," అంది హెలెన్.

"చూశావా, ఒప్పుకుంది!"

ఆదాం తల్లి భుజాలు పట్టుకున్నాడు. ముఖంలో ముఖం పెట్టి గట్టిగా చెప్పాడు. "పోయిన ఆదివారం చర్చికి బయల్దేరుతూ కారు వెనక్కి తీశానమ్మా. హారన్ మీద హారన్ కొట్టాను. లేచి వెళ్ళిపోయావనుకున్నా. హెలెన్ పరిగెత్తుకొచ్చి కారుని చరచకపోతే, నా చేతులతోనే నిన్ను..."

ఆ చరచడం జయకుమారి చూసింది. చర్చికి ఆలస్యమవుతోందని కోడలు చిందులేస్తోందనుకుంది.

"హారన్ ఎప్పుడు కొట్టావురా?"

"వీధి వీధంతా ఉలిక్కిపడేలా కొట్టానమ్మా." కొడుకు కళ్ళలో నీళ్ళు చూశాక ఆవిడకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

హెలెన్ దగ్గరికొచ్చి గొంతు పెంచింది. "మేము గుసగుసలాడట్లేదత్తయ్యా. మామూలుగానే మాట్లాడుకుంటున్నాం. మీకే వినబడట్లేదు. చెబితే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాం."

జయకుమారి పీట మీద కూలబడింది. "మీరు నాతో మాట్లాడటం మానేశారనుకున్నానే అమ్మాయ్," అంటూ భోరుమంది. ఇన్నాళ్ళూ ఎంత ఒంటరిగా అనిపించిందో ఆ ఏడుపులో తెలిసింది.

హెలెన్ ఆవిడను పొదువుకుని ఏడుస్తూ ఏదో గొణిగింది. జయకుమారి చెవి దగ్గరికి జరిపింది.

"గట్టిగా చెప్పమ్మా."

"మిమ్మల్ని ఎక్కడికీ పంపం అత్తయ్యా!" అని అరిచింది హెలెన్, వీధంతా వినేలా.