లిఫ్టు తాత భార్య

ఆ ఇంట్లో తల్లి ఎవరినీ తిట్టక ఆ పొద్దుటికి పదహారు రోజులైంది.

నమ్మడం కష్టమే. పొద్దున్నే పాలాయన గుమ్మం ముందు ప్యాకెట్టు జారవిడిచాడు. అది పగిలి గడపంతా పాలే. మామూలు రోజుల్లో అయితే అతను కింద వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ గొంతు వెంట తరిమేది. ఆ రోజు గుడ్డ తెచ్చి, మోకాళ్ళ నొప్పితోనే వంగి తుడుస్తూ, "పోనీలే నాయనా, నీ తప్పేముంది, జాగ్రత్తగా వెళ్ళు" అంది. పాలాయన బిక్కచచ్చిపోయాడు. రెండు మెట్లు దిగినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి, తలుపు దగ్గరున్న కూతురితో గుసగుసగా, "అమ్మగారికి ఒంట్లో బావుందా అండీ?" అని అడిగాడు.

బడిలో నలభై మంది పిల్లలకి అర్థమయ్యేలా చెప్పగల ఆ పంతులమ్మ కూతురు, "బానే ఉంది" అని తలుపు వేసేసింది. అమ్మ బాగాలేదని ఆమెకి తెలుసు. ఎందుకు బాగాలేదో కూడా తనకి తెలుసనుకుంటోంది. పదహారు రోజులుగా ఆ అనుమానం ఆమెని లోపల్లోపల తినేస్తోంది.

ఊరంతా 'లిఫ్టు తాత' అని పిలుచుకున్న మనిషి ఆ ఇంటి పెద్దాయనే. పెద్దాసుపత్రిలో నలభై ఏళ్ళు లిఫ్టు నడిపాడు. స్టూలు మీద కూర్చుని బొత్తాలు నొక్కుతూ ఎందరు నిండు చూలాళ్ళనో, ఎందరు రోగులనో పైకీ కిందకీ చేరవేశాడు. ఎనభై ఏడో ఏట, జబ్బు ఊరి మీద పడి అందరూ తలుపులు బిగించుకున్న రోజుల్లో, తాము కాపురముండే నాలుగంతస్తుల భవనం మెట్లు రోజూ ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. కూతురు దాన్ని ఫోనులో తీసి నలుగురికీ పంపింది. "నలభై ఏళ్ళు కూర్చుని పైకెళ్ళానండీ. ఇప్పుడు నడిచి వెళ్తున్నా. నా మెట్లు చూసి మా ఆస్పత్రికి మీకు తోచింది ఇవ్వండి" అన్నాడాయన అందులో, రొప్పుతూ నవ్వుతూ. ఆ నవ్వుకి జనం పడిపోయారు. ఎక్కడెక్కడివాళ్ళో పంపిన డబ్బుతో ఆస్పత్రిలో ఆక్సిజన్ మంచాల వార్డు ఒకటి కొత్తగా వచ్చింది. చివరికి అదే జబ్బు ఆయన్నీ పట్టుకుంది. ఆరు రోజులు పోరాడి ఆ వార్డులోనే కన్ను మూశాడు.

అంత్యక్రియలు ఇంట్లోవాళ్ళు ఫోనులో చూశారు. తల్లి, కూతురు, తండ్రికి జ్వరమని పరుగెత్తుకొచ్చి అక్కడే చిక్కుకుపోయిన కొడుకు. ముగ్గురూ పదహారు రోజులుగా ఆ రెండు గదుల్లోనే బందీలు. కింద గేటుకి పూలు కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు. ఎదురు మేడ కిటికీలన్నిటికీ ఆయన ఫోటోలే. కుటుంబం గడప దాటే రోజు చూసుకుని, ఊరంతా ఎవరి గుమ్మంలో వాళ్ళు ఆయన కోసం ఒక నిమిషం నిలబడాలని అనుకున్నారు. ఆ రోజు ఇదే. పదకొండు గంటలకి.

"అమ్మా, తొమ్మిదిన్నరైంది. ఆ చీర మార్చుకుంటావా?" అన్నాడు కొడుకు. మందుల వ్యాను నడిపే మనిషి, బట్టతల, యాభై దాటాయి. అయినా ఆ ఇంట్లో వాడు చిన్నోడే.

"నేను రానురా. మీరిద్దరూ వెళ్ళి రండి" అంది తల్లి, కూరగాయలు తరుగుతూ.

"అదేమిటమ్మా! ఊరు ఊరంతా నీకోసం నిలబడుతుంటే..."

"నాకోసం కాదుగా. ఆయన కోసం. ఆయన ఎలాగూ రారు."

"నువ్వు వస్తావని చెప్పేశాను. ఆస్పత్రి వాళ్ళు కూడా వస్తున్నారు. టీవీ వాళ్ళు ఒక్క మాట మాట్లాడమంటారేమో, రెండు ముక్కలు..."

"నాకు మాటలు రావు నాయనా" అంది ఆవిడ.

ఆవిడకి మాటలు రావట! ఆవిడ నోటికి జడిసి ఇంటద్దె కోసం వచ్చేవాడు కింది మెట్టు మీదే నిలబడి చేతులు కట్టుకునేవాడు. "ఒరేయ్ బోడిగుండూ, నీకు బుద్ధుందా?" అంటుందని ఎదురుచూసి, అనకపోయేసరికి కొడుక్కి ఏడుపొచ్చినంత పనైంది. అక్క వైపు చూశాడు, నువ్వే చెప్పు అన్నట్టు.

కూతురు దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది. "అమ్మా, నువ్వు రాకపోతే అందరూ ఏమనుకుంటారు? నాన్న కోసమైనా రా."

"నువ్వున్నావుగా తల్లీ. నీకు మాట్లాడటం బాగా వచ్చు. నువ్వు చెప్పు."

తల్లీ అట! 'ఏమే మొద్దూ' తప్ప యాభై అయిదేళ్ళుగా ఆ నోటి నుంచి వేరే పిలుపు లేదు. ఈ మెత్తని మాటలు కూతురికి సూదుల్లా గుచ్చుకున్నాయి. కత్తిపీట పక్కకి తోసేసింది.

"ఎందుకమ్మా నన్నిలా చంపుతావు?"

"నేనేమన్నానే?"

"ఏమీ అనట్లేదు, అదే! పదహారు రోజులైంది, ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు నన్ను. నీ మనసులో ఏముందో నాకు తెలీదనుకున్నావా? జనాన్ని పిలిచింది నేను. నాన్న అయిదు వందలోసారి ఎక్కుతున్నాడని ఊరంతా చాటి, కింద వాకిట్లో గుమిగూడేలా చేసింది నేను. నువ్వు వద్దన్నావు, నేను వినలేదు. అందరూ వచ్చి ఆయన పక్కన నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నాలుగో రోజుకి జ్వరం. నా వల్లే పోయాడని అనుకుంటున్నావు. అను! అనెయ్యి!"

"అలా నేనెప్పుడూ అనుకోలేదమ్మా."

"అమ్మా అనకు నన్ను!" కూతురు కస్సుమంది. మనిషికి కోపమొస్తే ఎక్కడ కొడితే నొప్పో అక్కడే చెయ్యి పడుతుంది. "ఆంబులెన్సు ఎక్కబోయే మనిషిని కూడా తిట్టి పంపిన దానివి, నన్ను తిట్టడానికి నీకు నోరు రావట్లేదా?"

"అక్కా!" అని అరిచాడు కొడుకు.

కూతురు తన నోరు తనే మూసుకుంది, కానీ అన్న మాట అననే అన్నది. తల్లి చేతిలోని వంకాయ పళ్ళెంలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

"అది అన్నది నిజమేరా" అంది కొడుకుతో. "ఆ తలుపు దగ్గరే నిలబడి అన్నాను. 'ఎక్కారుగా మెట్లు! వద్దంటే విన్నారా? ఇప్పుడు అనుభవించండి' అని. యాభై ఎనిమిదేళ్ళు కాపురం చేసి, ఆయనకి నేను చివరగా చెప్పిన మాట అది."

కూతురు జరిగి తల్లి మోకాలి పక్కన కూర్చుంది.

"మీకు తెలియంది ఇంకోటుంది. ఆయన మొదటిరోజు మెట్లెక్కింది ఆస్పత్రి కోసం కాదు. డాబా మీద దుప్పట్లు ఆరేశాను. మబ్బు పట్టింది. నా మోకాళ్ళు సహకరించక, కాస్త తెచ్చిపెట్టండీ అన్నాను. రెండంతస్తులు ఎవరెక్కుతారు, నాకాయాసం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. 'అవును మరి, నలభై ఏళ్ళు కూర్చుని బొత్తాం నొక్కిన మహానుభావుడికి మెట్లంటే ఏం తెలుసు! ఆ కాళ్ళు అలంకారానికి పెట్టుకున్నారు' అన్నాను. ఉలుకూ పలుకూ లేకుండా వెళ్ళి, దుప్పట్లు తెచ్చి నా మీద పడేసి, 'చూశావా!' అన్నారు. మర్నాడు పనేం లేకపోయినా మళ్ళీ ఎక్కారు. నన్ను ఉడికించడానికి. ఆ తర్వాతే నువ్వు ఫోను పట్టుకుని వచ్చావు."

కొడుకు నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఇప్పుడు ఊరంతా వచ్చి, ఎంత గొప్ప మనసమ్మా ఆయనది అంటే, నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను? మెట్లెక్కించిందీ ఈ నోరే, సాగనంపిందీ ఈ నోరే. అందుకే మూసేశాను. ఇంకొకళ్ళని ఒక మాట అంటే వాళ్ళకేమవుతుందోనని భయంగా ఉంది. నిన్ను అసలు అనలేనే. ఆయన పోయారు. మీరిద్దరే మిగిలారు. మీకేమైనా అయితే నేనేమైపోవాలి?"

కూతురు తల్లి ఒడిలో మొహం పెట్టుకుని భోరుమంది. "నువ్వు తిట్టట్లేదంటే నన్ను నీ మనసులోంచి తీసేశావనుకున్నానమ్మా. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడుతుంటే, రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు."

కింద వాటాలో ఉండే దర్జీ వాకిట్లోంచి కేకేశాడు. "అమ్మగారు దిగుతున్నారా అండీ? జనం వచ్చేస్తున్నారు!"

కొడుకు కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు వీళ్ళకి పెట్టి నిలబడ్డాడు. అక్కణ్ణుంచే అన్నాడు. "అమ్మా, ఆ రోజు నాన్నని కిందకి దించుతుంటే నేను వెనకే దిగాను. నువ్వన్నది మొదటి అంతస్తు దాకా వినపడింది. నాన్న నవ్వాడు."

"ఏమిటీ?"

"నవ్వాడమ్మా. ఆంబులెన్సులో పెడుతుంటే నన్ను చెయ్యూపి పిలిచాడు. 'విన్నావురా చిన్నోడా? ఇంత గట్టిగా తిట్టిందంటే నేను తిరిగొస్తాననే మీ అమ్మ ధీమా. పోయేవాణ్ణి ఎవరైనా తిడతార్రా?' అన్నాడు. తలుపు వేసేదాకా నవ్వుతూనే ఉన్నాడు."

తల్లి వాడి వీపు వైపు తిరిగింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను?" వాడు ఇటు తిరిగాడు. కళ్ళ నిండా నీళ్ళు. "తిరిగి రాలేదుగా."

ఆవిడ నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. కొడుకు దగ్గరికి వెళ్ళింది. వాడి భుజం మీద ఒక్కటి చరిచింది.

"పదహారు రోజులా! పదహారు రోజులు ఆ మాట కడుపులో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని తింటావా, వెధవా? నీకు అసలు బుర్రుందా? ఆ గుండు ఉత్త గుండేనా?"

కొడుకు చెంపల మీద నీళ్ళు కారుతుండగానే పళ్ళికిలించాడు. "అలా తిట్టమ్మా. ఇంకా తిట్టు."

"నిన్ను తర్వాత చూస్తాను, ఉండు. ఏమే, మొద్దూ!"

కూతురు నేల మీద నుంచి తలెత్తింది.

"జనాన్ని పిలవొద్దని చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఒక్కసారైనా నా మాట విన్నావా నీ జన్మలో? ఊరికి పాఠాలు చెబుతావు, ఇంట్లో తల్లి మాట చెవికెక్కదు! పిలిచావు. వచ్చారు. ఆయన ఆ రోజు పెళ్ళికొడుకులా మెరిసిపోయారు, అదీ చూశాను. తప్పు చేశావు, ఏడ్చావు, అయిపోయింది. ఇక ఆ సంగతి నువ్వు ఎత్తావంటే పళ్ళు రాలగొడతాను. లే. ఆ జుట్టేమిటి, దువ్వుకుని ఎన్నాళ్ళైంది?"

కూతురు ఏడుస్తూనే లేచింది. తల్లే దువ్వెన తెచ్చి, చిక్కులు పీకేస్తూ, తిడుతూ, జడ వేసింది. చీర మాత్రం మార్చుకోలేదు. "ఆయన చూడని చీర నా దగ్గరేముంది, ఇదే చాలు" అంది.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా ముగ్గురూ మెట్లు దిగారు. వీధి అటు చివర నుంచి ఇటు చివర దాకా జనం. గుమ్మాల్లో, కిటికీల్లో, మేడల మీద, అందరి మొహాలకీ మాస్కులు. ఆస్పత్రి వాళ్ళు తెల్ల బట్టల్లో ఒక వరసగా నిలబడ్డారు. పదకొండు కొట్టింది. ఒక నిమిషం పాటు అంత పెద్ద వీధిలో ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు మేడల మీదికి పాకాయి. కొట్టేవాళ్ళలో ఎందరో కళ్ళు తుడుచుకుంటున్నారు. తాతగారి భార్యని దగ్గర్నుంచి చూడాలని, ఒక మాట చెప్పాలని ముందు వరస కదిలింది. వెనక వరస దాన్ని నెట్టింది. గుంపు గేటు దాకా వచ్చేసింది.

ఆవిడ చెయ్యి పైకెత్తింది.

"ఆగండక్కడే!"

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

"ఏమిటా తోసుకోవడం? ఆయన ఎలా పోయారనుకున్నారు? మీరిలా మీద పడి పోవాలనా ఆ ముసలాయన అన్ని మెట్లెక్కింది? ఏయ్, నీలం చొక్కా! ముక్కు మీదికి లాగు ఆ మాస్కు, గడ్డానికి ఎందుకది? ఆవిడెవరు, నిండు నెలలతో ఆ గుంపులో ఏం చేస్తున్నావమ్మా? దారివ్వండి దానికి! ఆ వార్డు కట్టించింది మిమ్మల్ని అందులో పడుకోబెట్టడానికి కాదు!"

నీలం చొక్కా గబుక్కున మాస్కు సర్దుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. టీవీ ఆయన కెమెరా పట్టుకునే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"వింటున్నారా? ఒక్కళ్ళు కూడా పోవడానికి వీల్లేదు. చెబుతున్నాను. మీలో ఒక్కళ్ళు కూడా..."

మాట పూర్తి కాలేదు. కూతురు ఒకపక్క, కొడుకు ఒకపక్క పట్టుకున్నారు. ఆయన పోయాక మొదటిసారి ఆవిడ ఏడ్చింది. వెక్కి వెక్కి, అంతమంది ముందు ఏడ్చింది. వీధి వీధంతా, ఆవిడ చెప్పినట్టే, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.