ఎనిమిదో దుర్గంలో బేరగత్తె

క్రీస్తుశకం 2089 నాటికి విశాఖపట్నంలో ఇద్దరు మనుషులు కొత్తగా పరిచయమైతే ఊరూ పేరూ తర్వాత అడిగే మొదటి మాట "మీ వృత్తేమిటండీ?" అని. వృత్తి అంటే పొట్టకూటికి చేసే పని కాదు. అష్టదుర్గం ఆటలో ఆ మనిషిది ఏ క్లాస్ అని.

సాయంకాలమైతే చాలు, పేటపేటకీ ఉన్న ఆటమండపాల్లో జనం నలుగురేసి జట్టు కట్టి, తలలకు నాడీకిరీటాలు తగిలించుకుని ఆ కల్పనాలోకంలోకి దిగిపోయేవారు. ఒకదాన్ని మించి ఒకటిగా ఉన్న ఎనిమిది కోటలు ముట్టడించేవారు, అగడ్తలు దాటేవారు. ఆటలో వృత్తులు మొత్తం ఎనిమిది. యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, వైద్యుడు, వేగులవాడు, కవచధారి, గాయకుడు, మృగపాలకుడు. ఆటలోకి వచ్చిన ప్రతివాళ్లకీ వంద పాయింట్లిస్తారు. బలం, చురుకు, బుద్ధి, ఓర్పు, మాటనేర్పు అనే ఐదు గుణాలకు వాటిని పంచుకోవాలి. ఎలా పంచుకుంటే అలాంటి పాత్ర తయారవుతుంది.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. తీరా చూస్తే నూటికి ఎనభైమంది యోధులో మాంత్రికులో అయి కూర్చున్నారు. ఎక్కడైనా ఒక జట్టు గెలిస్తే, వాళ్లు పాయింట్లు ఎలా పంచుకున్నారో ఆరా తీసి మర్నాటికల్లా దేశమంతా అదే నకలు దించేది. వైద్యుడు దొరక్క జట్లు కాళ్లావేళ్లా పడేవి. ప్రవేశపరీక్షలో ఎనిమిదింటిలో దేనికీ సరిపోని వాళ్లకి 'వృత్తి లేదు' అని ముద్ర పడేది. మొదట్లో ఆ ముద్ర మండపం గుమ్మం దగ్గరే ఆగింది. పోనుపోను ఉద్యోగాలిచ్చేవాళ్లూ, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లూ కూడా దాని సంగతి అడగడం మొదలుపెట్టారు.

డాక్టర్ వకుళకు పదహారో ఏట ఆ ముద్ర పడింది. నలభై ఒకటో ఏట ఆవిడ కొలిమిని తయారుచేసింది.

కొలిమి ఒక యంత్రం. పాయింట్లు పంచమని అది ఎవరినీ అడగదు. మూడు రోజులపాటు నాడీకిరీటం పెట్టుకుని మనిషి తన మానాన తాను తిరుగుతూ ఉంటే, ఆ మెదడులో న్యూరాన్ల అలవాటు బాటలను చదువుతుంది. ఎవరూ చెప్పకుండా ఆ మనిషి ఏం గమనిస్తుంది, దేనికి తొందరపడుతుంది, ఎక్కడ నిలబడిపోతుంది, అన్నీ చూస్తుంది. ఆపైన అంతవరకూ ఆటలో లేని ఒక కొత్త వృత్తిని ఆ మనిషి కోసమే పోతపోసి ఇస్తుంది.

ఆట నడిపే క్రీడామండలిలో వృత్తుల విభాగానికి పెద్ద డాక్టర్ రవూఫ్. అరవై ఏళ్ల మనిషి, ముక్కుసూటిగా మాట్లాడతాడు.

"ఎవరికి వాళ్లకి ఒక వృత్తి ఇచ్చుకుంటూ పోతే అది ఆట ఎలా అవుతుందండీ వకుళగారూ? సంత అవుతుంది. ఎనిమిదింటి మధ్య తూకం కుదర్చడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది."

"ఆ తూకంతోనే కదా సార్, ఎనిమిదో దుర్గం పదకొండేళ్లుగా లొంగలేదు!"

ఆ మాట నిజమే. లక్షల జట్లు వెళ్లాయి, లక్షల జట్లూ ఓడి వచ్చాయి.

"సరే," అన్నాడు రవూఫ్. "మీ కొలిమి పోతపోసిన జట్టుని ఆదివారం ఎనిమిదో దుర్గానికి పంపండి. గెలిస్తే ఆ ముద్ర నా చేత్తో నేనే చెరిపేస్తాను. ఓడితే కొలిమిని విప్పి సామాను గదిలో పెట్టించండి. మళ్లీ ఈ ఊసు ఎత్తకూడదు."

"ఒప్పుకుంటాను. జట్టులో ముగ్గురున్నారు. ముగ్గురూ వృత్తి లేదని ముద్ర పడ్డవాళ్లే. నాలుగోవారు మీరు రండి."

రవూఫ్ పకపకా నవ్వాడు. "నేను ముప్పై ఏళ్ల నుంచి యోధుణ్ణమ్మా. నా బలం అరవై రెండు. మీ యంత్రం చదివినా అదే చెబుతుంది."

మూడు రోజుల తర్వాత కొలిమి చెప్పింది. "రవూఫ్‌గారిలో యోధుడు కనబడలేదు. వారి వృత్తి సందేహి. ఎదుట కనిపించేదాన్ని నమ్మకపోవడం వారి బలం."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. కానీ మాట ఇచ్చిన మనిషి. వెనక్కి తగ్గలేదు.

తక్కిన ముగ్గురూ ఆదివారం మధ్యాహ్నం బీచిరోడ్డు మండపానికి వచ్చారు. మార్తమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. ఎవరు ఎలాంటివారో ఇట్టే పోల్చుకుంటుందని కొలిమి ఆమెకు 'పోల్చరి' అని పేరు పెట్టింది. ఎర్నాయుడు ఓడరేవులో నలభై ఏళ్లు ఆటుపోట్లు కనిపెట్టుకుని కూర్చున్న డెబ్బై ఏళ్ల ముసలాయన. ఆయన 'నిరీక్షకుడు'. మూడో ఆవిడ పైడితల్లి. చేపలరేవులో వేలంపాట పాడుతుంది. ఆవిడది 'బేరగత్తె'.

మండపం కిక్కిరిసింది. సగంమంది ఎగతాళి చెయ్యడానికే వచ్చారు. "కత్తి లేదు, మంత్రం లేదు, పిండివంటలు పట్టుకెళ్తున్నారా?" అని ఎవరో అరిచారు.

వకుళ తెర ముందు కూర్చుంది. "గెలుస్తారా?" అని కొలిమిని మెల్లగా అడిగింది.

"తెలియదు. నేను మనుషుల్ని చదివాను. కోటని చదవలేదు," అంది కొలిమి.

మొదటి ద్వారం దగ్గర వెయ్యిమంది సైనికులు ఒకే ముఖంతో బారులు తీరి ఉన్నారు. వాళ్లలో ఒకడే నిజం, మిగతావాళ్లు నీడలు. నీడను కొడితే రెండవుతుంది. ఇన్నేళ్లుగా యోధులందరూ ఇక్కడే సగం బలం పోగొట్టుకునేవారు. మార్తమ్మ కళ్లద్దాలు సర్దుకునే అలవాటుకొద్దీ ముక్కు మీద వేలు పెట్టి, వరసల వెంట ఒకసారి నడిచింది.

"అడుగో, మూడో వరసలో. నేను దగ్గరికెళ్తే చూపు తప్పిస్తున్నాడు. తప్పు చేసిన పిల్లాడు నా క్లాసులో ఇలాగే నిలబడతాడు," అని వెళ్లి వాడి చెవి పట్టుకుంది. వెయ్యిమందీ పొగలా మాయమయ్యారు.

మండపంలో ఎగతాళి ఆగింది.

తర్వాత అగడ్త. నల్లటి నీరు, లోపల మొసళ్లు. ఎర్నాయుడు గట్టు మీద చతికిలబడ్డాడు. "కూకోండి. నీరు తీస్తాది."

"ఎంతసేపు?" అన్నాడు రవూఫ్.

"దానికెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు."

నలభై నిమిషాలు. మండపంలో జనం ఆవలించారు, కొందరు లేచి టీ తాగి వచ్చారు. రవూఫ్ గట్టు మీద పచార్లు చేశాడు. పదకొండేళ్లలో ఏ జట్టూ అక్కడ రెండు నిమిషాలకు మించి నిలబడలేదు గనక, ఆ నీటికి ఆటుపోట్లు ఉన్నాయని ఎవరికీ తెలియలేదు. నీరు వెనక్కి తీసింది. అడుగున రాళ్లబాట తేలింది. నలుగురూ పాదాలు తడవకుండా నడిచిపోయారు.

కోటగుమ్మం దాటి లోపలికి వెళ్తే అక్కడ ఉన్నాడు దుర్గపాలుడు, తాటిచెట్టంత మనిషి. తగిలిన ప్రతి దెబ్బకీ ఇంకాస్త ఎదగడమే అతని గుణం. నడుముకి కోట చివరి గది తాళంచెవి వేలాడుతోంది.

పైడితల్లి ముందుకెళ్లి తలెత్తి చూసింది. "ఏటి బావూ, ఎన్నాళ్లయింది ఇలా నిలబడి?"

దుర్గపాలుడు గద ఎత్తినవాడల్లా ఆగాడు. అతనికి మాట్లాడే శక్తి మొదటినుంచీ ఉంది. పలకరించినవాళ్లే లేరు.

"పదకొండేళ్లు," అన్నాడు.

"అయ్యో! పోనీగానీ, ఆ తాళంసెవి ఎంత?"

"మీ నలుగురి పాయింట్లూ. నాలుగు వందలు."

"నాలుగొందలా? తుప్పట్టిన ఇనపముక్కకా!" పైడితల్లి కొంగు దులిపింది. "పదండర్రా. ఇక్కడ మనకి కుదర్దు. ఎల్లిపోదాం."

వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. రవూఫ్ గాభరాపడ్డాడు. "అమ్మా, గుమ్మం దాటితే ఓడిపోయినట్టే!"

"ఎనక్కి సూడకండి బాబూ," అంది ఆవిడ పళ్లు బిగపట్టి.

పది అడుగులు. ఇరవై.

"మూడు వందలు," అన్నాడు దుర్గపాలుడు. ఆవిడ ఆగలేదు. "వంద!" అన్నాడు. ఆగలేదు. గుమ్మం ఇంక రెండడుగులుందనగా వెనకనుంచి, "మీరే చెప్పండి," అని వినిపించింది.

"ఒక్క పాయింటు," అంది పైడితల్లి తిరిగి చూసి. "అదీ నీకింకా బోణీ అవలేదని."

తాళంచెవి ఆవిడ చేతిలో పడింది. మండపం కప్పు ఎగిరిపోయేలా కేకలు.

"మీద పడేవాళ్లను ఎలా ఎదుర్కోవాలో అతనికి నేర్పారు," అంది కొలిమి. "వెళ్లిపోయేవాళ్లను ఎలా ఆపాలో ఎవరూ నేర్పలేదు."

ఆ తాళంచెవితో కోట చివరి గది తెరుచుకుంది. నడిమధ్య దీపం, దీపం పక్కన బంగారు జెండా. దాన్ని ముట్టుకుంటే కోట వశమైనట్టే. మార్తమ్మ చెయ్యి చాపింది.

"ఆగండి!" అన్నాడు రవూఫ్. "ఇంత తేలిగ్గానా? నేను నమ్మను." జెండా చుట్టూ తిరిగాడు. "నీడ చూడండి. దీపం వైపుకి పడుతోంది. నీడ ఎక్కడైనా దీపం వైపుకి పడుతుందా? ఇది ఎర." ఆయన గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగాడు. "కోట కాపలాదారు ఈ గది ముందు కాకుండా అంత దూరాన, ఒకే చోట, పదకొండేళ్లు ఎందుకు నిలబడ్డట్టు?"

నలుగురూ వెనక్కి పరుగెత్తారు.

"కాస్త జరుగు బావూ," అంది పైడితల్లి.

దుర్గపాలుడు ఒక అడుగు పక్కకి వేశాడు. అతని పాదం కింద, రాతిపలకలో, మాసిపోయిన చిన్న జెండా ఉంది. రవూఫ్ వంగి దాన్ని రెండు చేతులా పైకెత్తాడు.

పదకొండేళ్లలో మొదటిసారిగా ఎనిమిదో దుర్గం మీద నగారా మోగింది. మండపంలో జనం కుర్చీలెక్కి ఈలలు వేశారు. ముద్ర పడ్డవాళ్లు ఎక్కడెక్కడివాళ్లో ఒకళ్ల భుజాలొకళ్లు పట్టుకుని ఏడ్చారు. కిరీటం తీసిన రవూఫ్ తిన్నగా వకుళ దగ్గరికి వచ్చాడు. అప్పటికప్పుడు, అందరి ఎదుటా, మండలి దస్త్రంలో 'వృత్తి లేదు' అనే మాటను కొట్టేశాడు. కొట్టేసిన మొదటి పేరు వకుళది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆవిడ ప్రయోగశాలకు వచ్చేసరికి కొలిమి అంది, "తొమ్మిది లక్షల నలభై వేల దరఖాస్తులు వచ్చాయి."

"అయితే అన్ని లక్షల కొత్త వృత్తులన్నమాట!" అంది వకుళ సంబరంగా.

"లేదు. ఒక్కటే. దాదాపు అందరూ బేరగత్తె వృత్తి కావాలన్నారు. మగవాళ్లు బేరగాడు అని రాశారు."

వకుళ కుర్చీలో కూలబడింది. అప్పుడే లోపలికి వచ్చిన రవూఫ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎనిమిదిస్తే రెండింటి మీద పడ్డారు. అంతులేనన్ని ఇచ్చారు మీరు, ఒక్కదాని మీద పడ్డారు! మనిషంటే ఇంతేనండీ."

"మీ దరఖాస్తు కూడా అందింది, రవూఫ్‌గారూ," అంది కొలిమి. "ఉదయం ఆరు గంటల ఏడు నిమిషాలకు."

రవూఫ్ పైకప్పు వంక చూశాడు. "ఊరికే... పనిచేస్తోందో లేదో అని పరీక్షించాను."

వకుళ నవ్వాపుకోలేకపోయింది. "పేరు కావాలంటే అందరికీ ఆ పేరే ఇవ్వు కొలిమీ. లోపల మాత్రం ఎవరిది వాళ్లకే పోతపొయ్యి. యోధుడు కావాలని అడిగినవాళ్లు అసలు లేరా?"

"ఒక్కరున్నారు. పైడితల్లిగారు." కొలిమి ఆవిడ పంపిన మాటలు వినిపించింది. "నా బేరం ఎవులికి కావాలంటే ఆళ్లకి ఇచ్చేయండమ్మా, నాకేటి తరిగిపోదు. నాకు మాత్రం ఒక పెద్ద కత్తి ఇప్పించండి. పుట్టి బుద్ధెరిగినకాడ్నించి నోటితోనే నెట్టుకొచ్చాను. ఒక్కపాలి కత్తి తిప్పాలని ఉంది."

"ఆవిడ నాడుల్లో యోధురాలి ఛాయ కూడా లేదు," అంది కొలిమి. "ఇవ్వమంటారా?"

"ఇవ్వు. అన్నిటికంటే పెద్దదివ్వు," అంది వకుళ.

ఆ మధ్యాహ్నం పైడితల్లి తనంత ఎత్తున్న కత్తి పట్టుకుని మొదటి దుర్గం మీదికి కేకపెట్టుకుంటూ వెళ్లింది. మూడు నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయింది. కిరీటం తీసి, జుట్టు ముడి వేసుకుని, వెలిగిపోతున్న ముఖంతో వకుళ వంక చూసింది.

"ఇంకోపాలి!"