నాలుగు వందల మీటర్ల వెలుగు

"మూడు రోజులైంది నేను బైబిలు వాక్యం చదువుకుని," అంది కృపమ్మ కంచం ముందు కూర్చుంటూ. "సైన్స్ టీచరువి కదా, స్కూల్లో భూతద్దాలుండవా? ముసలిదాని అద్దమే దొరికిందా?"

"ఈ ఒక్కరోజు ఓర్చుకోండి అత్తయ్యా."

"నిన్నా ఇదే మాటన్నావు."

"పిల్లల ప్రయోగమేమోలే అమ్మా," అన్నాడు ఆనంద్ పాల్. తల్లికీ పెళ్ళానికీ ఒకేసారి నచ్చకుండా మాట్లాడటంలో అతను దిట్ట.

స్నేహలత కూర వడ్డించింది. వట్లూరులోని ఆ ఇంట్లో ఆమె కోడలు, టీచరు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు ఫైల్లో ఏజెంట్ సెవెంటీన్. చీఫ్ హేమంత్‌కుమార్ బ్రీఫింగ్ ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఇవాళ మునిమాపు వేళ కొల్లేట్లోకి విదేశీ ముఠా నాయకుడు వస్తున్నాడు. మన ఏజెంట్ క్రిస్టినా అతనికి నకిలీ రాడార్ మ్యాప్ అమ్ముతుంది. దోనె నడిపేది మన వరదానం. వైర్‌లెస్ వద్దు, వాళ్ళ దగ్గర స్కానర్ ఉంది. తేడా వస్తే మీరు గట్టు మీంచి మూడుసార్లు లైటు కొట్టండి. వరదానం ఆగిపోతాడు."

గట్టుకీ దోనెకీ నాలుగు వందల మీటర్లు. స్పెషల్ టార్చి ఇండెంటు ఎవరి సంతకం కోసమో ఆగిపోయింది. ఇంట్లో టార్చి సగం దూరానికే మసకబారుతుంది. అందుకే మూడు సాయంత్రాలు డాబా మీద పరీక్ష చేసింది. టార్చి ముందు భూతద్దం పెడితే వెలుగు చెదిరిందే తప్ప ముందుకు పోలేదు. మూతా, లోపలి మెరుపు గిన్నే విప్పేసి, ఉత్త బల్బుకి జానెడు దూరంలో అద్దం పట్టుకున్నాక మాత్రం వీధి చివరి వాటర్ ట్యాంకు మీద నలుచదరపు మచ్చ పడింది. వేలెడు జరిగితే అదీ లేదు.

"ఆదివారం వచ్చిందే నీ ఫ్రెండు క్రిస్టినా, భూతద్దం దాన్నడగలేకపోయావా?" కృపమ్మ వదల్లేదు. "పాస్టరుగారి కూతురంట. నేను 'వందనాలమ్మా' అంటే 'నమస్తే ఆంటీ' అంది. ప్రార్థన లేకుండానే అన్నం కలిపేసింది. ఎంత అందముంటే ఏం?"

స్నేహలత చేతిలో గరిటె ఆగింది. క్రిస్టినా ఫైల్లో మొదటి లైను: కలిదిండి పాస్టరు కూతురు.

"ఆదివారమే చెప్పలేదేమండీ?"

"నువ్వు నోరు విప్పితే కదా, నేను విప్పడానికి."

స్నేహలత పెరట్లోకెళ్ళి చీఫ్‌కి ఫోన్ చేసింది. జవాబు వచ్చేసరికి ఐదున్నర. అప్పటికే ఆమె కొల్లేరు గట్టు మీదుంది.

"కలిదిండిలో ఆ పాస్టరుగారికి కూతుళ్ళే లేరు. మన ఆఫీసు లాకర్లో ఉండాల్సిన అసలైన మ్యాప్ మాయమైంది. మేం తాడేపల్లిగూడెం నుంచి వస్తున్నాం. దోనె?"

"బయల్దేరిపోయింది సార్. వరదానం ఫోన్ క్రిస్టినా ముందే తీసేసుకుంది."

అమ్మకం అయ్యాక, సాక్షిగా మిగిలే వరదానాన్ని ప్రాణాలతో ఒడ్డుకు చేర్చరని ఇద్దరికీ తెలుసు.

చీకటి పడేసరికి గట్టు పొడవునా చేపల చెరువుల కాపలావాళ్ళ టార్చిలు వెలుగుతున్నాయి. మామూలు లైటైతే వరదానం దాన్నీ వాళ్ళదే అనుకుంటాడు. స్నేహలత టార్చి విప్పి, జానెడు కొలిచి, అద్దం పట్టింది. అద్దం కాస్త కదిలినా వెలుగు చెదురుతోంది. టార్చిని స్కూటర్ సీటు మీద నిలకడగా పెట్టి, అద్దం పట్టిన మోచేతిని సీటుకే ఆనించింది. తెల్లని గీత నీళ్ళ మీదుగా పోయి దోనెని తాకింది. పమిట చెంగుతో మూడుసార్లు మూసింది.

దోనె ఆగలేదు.

మళ్ళీ మూసింది. అవతలి నుంచి ముఠా నాయకుడి దోనె ఇరవై బారల దూరంలోకి వచ్చేసింది. అప్పుడు వరదానం గెడ పక్కకి తిప్పి, దోనెని గుర్రపుడెక్క గుబురులోకి నెట్టి, గెడతో సహా నీళ్ళలోకి దూకేశాడు. తుపాకి ఒక్కసారి పేలింది.

ఇంతలో వచ్చిన హేమంత్‌కుమార్ పడవకి డెక్కలో చిక్కుకున్న క్రిస్టినా మ్యాప్‌తో సహా దొరికింది. అవతలి దోనెనీ చుట్టేశారు. వరదానం గట్టుకి చేరేదాకా స్నేహలత అద్దం దించలేదు. అతని భుజం నుంచి నెత్తురు కారుతోంది.

"ఇంకాస్త ఆలస్యమైతే నా జ్ఞాపకార్థ కూడికలో మీరే పాట పాడాల్సొచ్చేది మ్యాడమ్‌గారూ," అన్నాడు.

ఆమెకి నవ్వు రాలేదు. క్రిస్టినా గురించి అత్తయ్య చెప్పాల్సిన ఒక్క మాట తన ఇంట్లో మూడు రోజులు ఆగిపోయింది. ఎవరూ నోరు విప్పని ఇల్లు చేసింది తనే.

మర్నాడు పొద్దున టిఫిన్ల దగ్గర, అందరూ కూర్చున్నాక చెప్పింది. "ఉద్యోగం మానేస్తున్నాను."

"ఉన్న ఒక్క ఉద్యోగం మానేస్తే ఎలా?" అన్నాడు ఆనంద్ పాల్.

"ఉన్నవి రెండండీ," అంది స్నేహలత నెమ్మదిగా. "మానేసేది స్కూలుది."