పదిహేడో మేకు

మా పార్కులో ఒకవైపు సముద్రం హోరు, ఇంకోవైపు జలపాతం హోరు, మధ్యలో మా బావ గురక. మా అక్క మొగుడు, అక్కడ వాచర్. నేను గేటు దగ్గర టికెట్లు చింపుతాను. నేనెవరి గురించీ చెడుగా చెప్పను. జరిగింది చెబుతానంతే.

లోపలికి వెళ్ళే ప్రతి మనిషికీ అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇస్తాను. తిరిగొచ్చాక ఆ అంకె ఉన్న మేకుకు తగిలిస్తాను. నాలుగున్నరకి బావ ఆయాసపడుతూ కొండెక్కి, జలపాతం దగ్గర మూడుసార్లు విజిల్ ఊదుతాడు. ఆ హోరులో నోటి పిలుపు వినబడదు. ఐదింటికి ఏ మేకు ఖాళీగా ఉన్నా మళ్ళీ ఎక్కి వెతకాలి.

ఆ రోజు ముసురు పట్టింది. ఒంటరిగా వచ్చిన ఒక టీచరమ్మ పదిహేడో బిళ్ళ తీసుకుంది.

"మబ్బు కమ్మితే దారి తెలుస్తుందా అండీ?"

"మా బావ విజిల్‌కి చచ్చినవాళ్ళు కూడా లేచొస్తారు. మీరు రాలేరా?"

నవ్వుకుంటూ వెళ్ళింది.

ఐదింటికి పదిహేడో మేకు ఖాళీ. బయట నేనెక్కాల్సిన ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. బిళ్ళ జేబులో వేసుకుని పోయే మతిమరుపు మహానుభావులు వారానికొకరు ఉంటారు. వాళ్ళ కోసమే సొరుగులో నకలు బిళ్ళలు పెట్టుకుంటాం. పదిహేడుది తీసి తగిలించాను.

"అందరూ వచ్చినట్టేనా మరదలా?" రెయిన్‌కోటు విప్పుతూ అడిగాడు బావ.

"వచ్చినట్టే. నువ్వు ఇంటికెళ్ళి నిద్రపో, కొత్తేం కాదుగా."

మర్నాడు సాయంత్రం చూస్తే పదిహేడో మేకుకు రెండు బిళ్ళలున్నాయి. పైది తడిగా ఉంది. అంకె గాట్లలో నాచు. దాన్ని నాకెవరూ ఇవ్వలేదు.

అప్పుడే కొండ మీద విజిల్ మోగింది. మూడుసార్లు.

బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. జేబు తడుముకున్నాడు. ఆయన విజిల్ జేబులోనే ఉంది.

"ఎవరది?" గొంతు తగ్గించి అడిగాడు.

"వెళ్ళకు బావా..."

"ఎవరైనా ఇరుక్కున్నారేమో. నిన్న అందరూ వచ్చారు కదా?"

చెప్పాల్సింది అప్పుడే. ఊళ్ళో అందరి గుట్టూ విప్పే నోరు నాది. ఆ ఒక్క మాటకి పెగల్లేదు.

"వచ్చారు," అన్నాను.

ఆయన ఎక్కాడు. చెట్ల కింద అప్పుడే చీకటి. కుళ్ళిన ఆకుల వాసన... కాసేపటికి మూడు విజిళ్ళు. అవి బావవి. వెంటనే ఇంకా పైనుంచి మూడు. మళ్ళీ బావ. మళ్ళీ అటు. ప్రతిసారీ బావ విజిల్ దూరమైంది. చివరికి ఏది ఎవరిదో తెలియలేదు.

తర్వాత నీళ్ళ హోరే.

తొమ్మిది రోజులు వెతికారు. బావ కోసమే. టీచరమ్మ కోసం వెతకమని చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు.

అప్పట్నుంచి మా అక్క రోజూ క్యారేజీ పట్టుకొచ్చి గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంటోంది. ఐదింటికి ఒకే ప్రశ్న.

"అందరూ వచ్చినట్టేనా?"

నేను తలూపుతాను. ఆమె మూత తీయని క్యారేజీతో ఇంటికెళ్తుంది. ఆ ముఖం చూసి ఒక్క వేళాకోళం కూడా ఆడలేకపోతున్నాను.

ఈరోజు తాళం వేయబోతూ మేకుల వైపు చూశాను. పదిహేడో మేకుకు బిళ్ళలు రెండూ లేవు. వాటి చోట బావ విజిల్ వేలాడుతోంది. దారం నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలోకి తీసుకున్నాను. ఊదే చోట వెచ్చగా ఉంది... ఇప్పుడే ఎవరో నోట్లోంచి తీసినట్టు.

"అక్కా..." వెనక్కి తిరిగాను. నిజం చెప్పేద్దామనే.

బెంచీ మీద క్యారేజీ ఉంది. అక్క లేదు.

కొండ మీద విజిల్ మోగింది. మూడుసార్లు.

బావ విజిల్ నా గుప్పిట్లోనే ఉంది.