మాకు లేని వాన

చెవికి తగిలించుకున్న వానపలుకు మోగేసరికి నాంచారమ్మ కల్లంలో మిరపకాయలు తిరగేస్తోంది. "మీ కల్లం మీద కాసేపట్లో గాలీవానా. పట్టలు కప్పండి," అంది ఆ గొంతు, అత్తగారికి అణకువగా చెప్పే కొత్తకోడలిలా.

దాని మాట పొల్లుపోదు. ప్రతి పొలంలోనూ పాతిన నేలముల్లు తేమనూ గాలినీ పసిగడుతుంది. పైన తిరిగే ఉపగ్రహాలు జానెడు తేడా లేకుండా హద్దులు కొలిచి, ఎవరి పొలంచెక్కలో చినుకు పడేదీ వాళ్ల చెవిలోనే చెబుతాయి. ఒకప్పుడు మబ్బు పట్టిందంటే ఎవరో ఒకరు కేక పెట్టేవారు, చుట్టుపక్కల కల్లాల జనమంతా పరుగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు కేకలతో పనేముంది?

కోడలు సుభాషిణి ఒక కొసా, తను ఒక కొసా పట్టుకున్నారు. పట్టకు కొసలు నాలుగు. మిగతా రెండూ గాలికి లేచి మొహాన కొట్టాయి. ఏడాది కష్టమంతా ఆ ఎర్రటి రాశిలోనే ఉంది.

పక్క కల్లంలో చెంచురామయ్య మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

"చెంచయ్య బావా! వచ్చి ఓ చెయ్యెయ్యవయ్యా!"

"మాకు లేదంటమ్మా వాన!" అన్నాడతను తాపీగా.

నాంచారమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టు దాటి వెళ్లి, అతని రెక్క పుచ్చుకుని తన కల్లంలోకి లాక్కొచ్చింది. ముగ్గురూ కలిసి కప్పేసరికి సగం రాశి నానిపోయింది.

వాన వెలిశాక చెంచురామయ్య తలొంచుకున్నాడు. "ఒట్టు నాంచారమ్మా, నీ మీద కోపముండి కాదు. మాకు లేదనగానే, ఇక లేవాలనే తోచలా."

కోపంతో రాకపోయినా ఆమె ఓర్చుకునేదే. తోచకపోవడమే గుండెలో కలుక్కుమంది. ఈ వానపలుకు కనిపెట్టిన మహానుభావులకు మబ్బు గుట్టు తెలిసింది గానీ మనిషి గుట్టు తెలియలేదు.

గడ్డపలుగు తెచ్చి తన నేలముల్లును పెకలించి పారేసింది.

"అత్తయ్యా! ఇక మనకు వాన సంగతి ఎవరు చెప్తారు?" సుభాషిణి బెదిరిపోయింది.

"ఈయన చెప్తాడు." చెవిలోది కూడా ఊడదీసి గట్టవతలకు విసిరింది. "విను బావా. ఇయ్యాల్టి నుంచి మబ్బొస్తే నువ్వే కేకెయ్యాలి. వెయ్యకపోతే నా పంట పోద్ది. ఆ ఉసురు నీకే తగులుద్ది."

"నీ కల్లం సంగతి నాకు చెప్పదు గదమ్మా ఇది!" అతను తన చెవిలోది చూపించాడు.

"అయితే తలెత్తి చూడు."

చెంచురామయ్య బెరుగ్గా పడమటి దిక్కు చూశాడు. ఏది వానమబ్బో ఏది వట్టిమబ్బో పోల్చుకోవడం అతనికి చేతకాలేదు.

"నేర్చుకుంటావులే," అని నాంచారమ్మ తడిసిన కాయలు ఏరడానికి కూర్చుంది.