సవరణ అందని నవ్వు

అబ్బులు కాఫీ తాగుతుండగా అతని ఛాతీ మీది ఊపిరిబిళ్ళలో పచ్చదీపం వెలిగి ఆరింది. సవరణ దిగిందన్నమాట. అతను పట్టించుకోకుండా భార్యకు ఎదురింటి సంగతి చెబుతూనే ఉన్నాడు.

"రాత్రి సుబ్బారాయుడుగారు బిళ్ళకి చార్జింగు పెట్టుకుని పడుకున్నారంట. వాళ్ళావిడేమో ఆ తీగ పీకి గ్రైండరుకి పెట్టిందంట. పొద్దున్నించీ ఆయన ఊపిరి ఇడ్లీపిండి వాసనొస్తంది!"

నూకరత్నం పగలబడి నవ్వింది. మధ్యలో నవ్వు ఆగిపోయింది. ఊపిరీ ఆగింది. అబ్బులు కంగారుగా ఆమె బిళ్ళ మీద అరచేత్తో చరిచాడు. కాసేపటికి అది మళ్ళీ కదిలింది.

కాకినాడలో పీల్చదగిన గాలి పోయి ఒక తరం దాటింది. బిళ్ళే గాలిని వడకట్టి, లెక్క ప్రకారం లోపలికి పంపుతుంది. దానిలో లోపం బయటపడితే తయారీ సంస్థ సవరణ పంపుతుంది, సేవాబంధం, అంటే సంస్థతో సేవల ఒప్పందం, ఉన్నవాళ్ళకు మాత్రమే. లోపం ఏమిటో కూడా వాళ్ళకే చెబుతుంది. మిగతావాళ్ళు ఏ సంగతీ తెలియకుండానే పోవచ్చు, సంస్థకు అభ్యంతరం లేదు. అబ్బులుకు హార్బరు ఉద్యోగం తరఫున బంధం ఉంది. రత్నం పనిచేసిన రొయ్యల కంపెనీ మూతపడ్డాక ఆమెది తెగిపోయింది.

అబ్బులు తనకొచ్చిన సూచన చదివాడు. "బిళ్ళ పాతబడ్డాక గట్టిగా నవ్వినప్పుడు శ్వాస ఆగిపోయే లోపాన్ని మీకు సరిచేశాం."

అతను సేవాకేంద్రానికి పరిగెత్తాడు.

"బిళ్ళ ఒకటే, లోపం ఒకటే కదండీ. నాకిచ్చిందే ఆవిడకీ ఇచ్చెయ్యండి."

"సవరణ మీ బంధానికి కట్టి ఉంటుందండీ. వేరే బిళ్ళలో తెరుచుకోదు," అంది అక్కడి ఉద్యోగిని.

"అయితే ఆవిడకీ బంధం ఇవ్వండి."

"ఒకసారి తెగినవాళ్ళకి మళ్ళీ ఇవ్వరండీ. ఒంటికి అతికిన బిళ్ళని మార్చడమూ కుదరదు."

"మరి నేనేం చెయ్యాలమ్మా?"

"నవ్వించకండి," అంది.

ఇంటికొచ్చి అబ్బులు ఉన్నదున్నట్టు చెప్పాడు. "నువ్వు నవ్వితే పోతావంట రత్నం."

"ఓరి నాయనో! అదే నిజమైతే మీతో ఇన్నేళ్ళు కాపురం చేసి ఇంకా ఎలా బతికున్నానండీ?" అంటూనే ఆమె ఫక్కున నవ్వింది. మళ్ళీ ఊపిరి ఆగింది. ఈసారి అది తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. అబ్బులుకు ప్రాణం పోయినంత పనయింది.

ఆ తర్వాత అతను నోరు కట్టేసుకున్నాడు. అదీ పనిచేయలేదు. అబ్బులు బుద్ధిమంతుడిలా మూతి ముడుచుకుని కూర్చుంటే రత్నానికి ఇంకా నవ్వొచ్చేది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయేది. అక్కడినుంచి ఎగశ్వాస వినబడేది.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ఆమె అతని మొహం చూసింది. పెదవులు అదిరాయి.

"నిన్ను ఇష్టపడి చేసుకోలేదే," అన్నాడు అబ్బులు. "మా అమ్మ పోరు పడలేక చేసుకున్నాను. ఇన్నాళ్ళూ నీ ఎదురుగా వేషం కట్టాను."

రత్నం అతని పెదవి చివర నవ్వు కోసం వెతికింది. ఎంత వెతికినా దొరకలేదు. గరిటె పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సంస్థ ఏడుపును ముందే పరీక్షించి ఉన్నట్టుంది, బిళ్ళ ఒక్క ఊపిరి కూడా తప్పలేదు.

అబ్బులు అన్నం ముందు కూర్చుని, ఆమెకు నవ్వు రాకుండా రేపు ఏ మాట అనాలా అని ఆలోచించుకున్నాడు.